సరళకుమారి బేస్ గిటారు

సరళకుమారికి కోపమొస్తే అరవడానికి గొంతు లేదు. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత అది బొంగురుపోయింది. గట్టిగా మాట్లాడబోతే సగం గాలే వస్తుంది. అంతకుముందు జనక్‌పురి తెలుగు సంఘంలో ఆదివారం ఆరాధన అంటే ఆమె పాటే. నరసాపురం నుంచి నర్సు ఉద్యోగానికి ఢిల్లీ వచ్చిన నాటి నుంచీ ముందు వరసలో నిలబడి పాడింది. అలాంటి మనిషికి, గొంతు పోగానే, పాటల బృందం పెద్ద సాలొమోను పాటల పుస్తకాలు పంచే పని అప్పగించాడు. పైగా అదేదో మేలు చేసినట్టు నవ్వాడు.

అత్త మీద కోపం దుత్త మీద చూపించే రకం కాదు సరళకుమారి. పుస్తకాల కట్ట ఆయన చేతిలోనే పెట్టి, వెనక గదిలోకి వెళ్ళింది. వాయించే కుర్రాడికి పుణెలో ఉద్యోగం రావడంతో పాట అడుగున మంద్రంగా మోగే బేస్ గిటారు అక్కడ దుమ్ము కొట్టుకుపోతోంది.

"ఇది నేను నేర్చుకుంటానండీ" అంది.

"ఈ వయసులోనా సిస్టర్? సరే, కానియ్యండి" అన్నాడు సాలొమోను.

కీబోర్డు వాయించే నోయల్ ఓనమాలు దిద్దించాడు. ఉన్నవి నాలుగే తీగలు, కానీ బట్టలారేసే తీగల్లా మొండివి. వేలికొసలు బొబ్బలెక్కాయి. డ్యూటీలో స్పిరిట్ దూది పట్టుకుంటే ఆ బొబ్బలు భగ్గుమనేవి. ఇంట్లో స్పీకరు లేదు. గిటారు తలను చెక్క బీరువాకు ఆనిస్తే లోపలి బట్టలతో సహా బీరువా గుమ్మని మోగేది.

"మమ్మీ, బస్ కరో నా!" అని కూతురు అక్సా చెవులు మూసుకునేది.

"మోగనియ్యవే! ఇన్నాళ్ళూ నోరు మూసుకుని కూర్చున్నాగా!" అనేది తల్లి.

చలికాలానికి ఆమెను స్టేజీ ఎక్కించారు. కాళ్ళ దగ్గర చిన్న స్పీకరు పెట్టారు. అందులో తన మోత తనకు చక్కగా వినిపించేది. పోయిన గొంతు మళ్ళీ పాటలోకి వచ్చిందని సరళకుమారి ఆ రోజు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఈస్టర్ ఆరాధనను సీడీ చేసి పంచారు. టీ కప్పు పట్టుకుని, తన వాయింపు తాను వినాలని కూర్చుంది. కీబోర్డు వినిపించింది. తబలా వినిపించింది. సాలొమోను గొంతు సవరించుకోవడం వినిపించింది. వెనక వరసలో ఎవరి పసిబిడ్డో ఏడవడం కూడా వినిపించింది. బేస్ లేదు. శబ్దం పెంచింది. అయినా లేదు.

"అక్సా, నీకు వినబడుతోందా?"

"హాల్లో కూడా కభీ నహీ, ఎప్పుడూ వినలేదు మమ్మీ. బేస్ అంటే ఐసా హీ, ఇంతేనేమో అనుకున్నా."

సరళకుమారి టీ వదిలేసి నోయల్ ఇంటికి వెళ్ళింది. వాడు తల వంచుకున్నాడు. "సాలొమోను అంకులే చెప్పారాంటీ. మీ గిటారు మీ ముందు స్పీకరుకే కలిపాం. హాలు స్పీకర్లకి ఇవ్వలేదు. మొదటి రోజు నుంచీ అంతే."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏడ్చే పసిబిడ్డకున్న పాటి చోటు కూడా తనకు లేదన్నమాట! ఎంత మర్యాదగా చేశారు ఆ మోసం! పిల్లాడి చేతిలో ఉత్త గిలక్కాయ పెట్టి ఆడుకోమన్నట్టు!

ఆదివారం ఆరాధనకు ముందే సాలొమోనును నిలదీసింది.

"మీ మనసు నొచ్చుకోకూడదనే సిస్టర్" అన్నాడాయన. "అయినా దేవుడు వింటాడు కదా."

"దేవుడికే అయితే మా బీరువా చాలు" అంది, గాలి నిండిన గొంతుతో. "తప్పు వాయిస్తే తప్పని మొహం మీద చెప్పండి. నా గొంతును జబ్బు తీసుకుంది. ఈ గిటారు గొంతును మీరు తీసుకున్నారు."

ఆయన జవాబు కోసం ఆగలేదు. శబ్దాలు కలిపే మిక్సర్ దగ్గరికి వెళ్ళి, "నాదేదిరా?" అని నోయల్‌నడిగి, ఆ మీటను తన చేత్తోనే పైకి తోసింది. "ఎవరైనా దీన్ని ముట్టుకుంటే వేళ్ళు విరిచేస్తాను" అని స్టేజీ ఎక్కింది.

మొదటి చరణం సవ్యంగానే సాగింది. రెండో చరణంలో కోపానికి వేలు జారి పక్క తీగ మీద పడింది. అపస్వరానికి హాలంతా దద్దరిల్లింది. జనం తలలు తిప్పి ఆమె వైపే చూశారు. పాస్టరుగారు కళ్ళు తెరిచారు. సరళకుమారి దవడ బిగించి, సరైన తీగ వెతుక్కుని, చివరి దాకా వాయించింది.

ఆరాధన అయ్యాక సాలొమోను మొహం చిట్లించుకుని వచ్చాడు. "రెండో చరణంలో తప్పు పడింది సిస్టర్."

"పడింది" అంది సరళకుమారి. "విన్నారుగా?"