ప్రోటాను ద్రవ్యరాశి, నేను ఆపిన సంతకం

రిటైర్మెంటుకు ఆరేళ్ల ముందు, జూన్‌లో, శ్రీకాకుళం వైపు ఒక విశ్వవిద్యాలయంలో నన్ను భౌతికశాస్త్ర విభాగాధిపతిగా వేశారు. అక్కడ నా దగ్గర పీహెచ్‌డీకి చేరిన ఆఖరి విద్యార్థిని ఎస్తేరు. పాతపట్నం ఆసుపత్రి నర్సమ్మగారి కూతురు.

ప్రోటాను ఒంటరిగా ఉంటే దాని ద్రవ్యరాశి ఒకటి. కేంద్రక పదార్థంలో, సాటి కణాల మధ్య ఇరుక్కుంటే, అంతకన్నా తక్కువ ఉన్నట్టు నడుచుకుంటుంది. సాంద్రత పెరిగేకొద్దీ ఎంత తగ్గుతుందన్నదే ఎస్తేరు లెక్క. దానికి పునాది నేను కుర్రతనంలో అచ్చేసిన పరిశోధన పేపరు. అందులో నా గ్రాఫు గీత నిటారుగా పడిపోతుంది. ఆమె గీత కొంత దిగి నెమ్మదిస్తోంది.

తప్పు ఆమెదేనని నాలుగు నెలలు మళ్లీ మళ్లీ చేయించాను. థీసిస్‌కు ముందు జరిగే సెమినార్‌కు గైడు సంతకం కావాలి. నేను పెట్టలేదు. నెలాఖరు దాటితే ఆమె రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, ఐదేళ్ల చదువు గంగలో కలుస్తుంది.

"పదకొండుసార్లు సూసుకున్నాను సార్. ఒక్కసారి మీ పాత ప్రోగ్రాం సూపించండి. తప్పు నాదైతే ఇంటికెల్లిపోతాను," అంది.

"నాకే పాఠం చెప్తావా?" అని కసిరాను.

ఆమె నోరు మూయించాలనే విజయనగరంలో మా ఇంటి ట్రంకుపెట్టెలోంచి ఆ కాగితాలు తీశాను. ద్రవ్యరాశి తగ్గితే కణాల మధ్య ఆకర్షణ కూడా కొంత సడలుతుంది. అందుకే తగ్గిన విలువను మళ్లీ సమీకరణంలో పెట్టి, వచ్చిన కొత్త విలువను మళ్లీ పెట్టి, అది కదలకుండా నిలిచేదాకా లెక్క తిప్పాలి. పులుసులో ఉప్పు చూసి, వేసి, మళ్లీ చూసినట్టు. నా ప్రోగ్రాం ఒక్కసారే తిప్పి ఆగిపోయింది! ఏళ్ల తరబడి అదే గీత బోర్డు మీద గీశాను. గురివింద గింజ సామెత నాకే సరిపోయింది.

మర్నాడే సంతకం పెట్టాను. నా పేపరు గురించి థీసిస్‌లో ఏటని రాయాలని ఆమె అడిగింది.

"తప్పని రాయి. ఎక్కడ తప్పో కూడా రాయి."

"అయ్యబాబోయ్! గైడుగారి పేపరు తప్పని నానెలా రాస్తాను సార్?"

ఆ వాక్యం నేనే చెప్పి రాయించాను. దాన్ని అచ్చేసిన పత్రికకు సవరణ పంపాను. ఎస్తేరుకు పట్టా వచ్చింది. ఆ నాలుగు నెలలకు క్షమించమని మాత్రం అడగలేకపోయాను.

రెండు లెక్కలు కలవనప్పుడు ముందు పెద్దవాడి లెక్క తీసి చూడాలి. చిన్నవాళ్లది అప్పటికే నలుగురూ చూసి ఉంటారు. పెద్దవాడిది ఎవరూ చూడరు.