ప్రవర్తనకి ముప్పై అయిదు

మా సైన్సు మాస్టారికి పేకాట లేదు, పొగ లేదు, కాఫీ కూడా రోజుకి ఒక్కసారే. ఉన్న వ్యసనం ఒక్కటే, మార్కులు వేయడం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ దాన్ని ఎవరూ వ్యసనం అనలేదు, పైగా జీతం ఇచ్చారు. రిటైరై పన్నెండేళ్ళయినా మానకపోయేసరికి మాకు సంగతి అర్థమైంది.

ఆయన రిటైరైన ఏడాదే బడివాళ్ళు ప్రోగ్రెస్ కార్డుల నమూనా మార్చారు. పాత కార్డులు కట్టలకి కట్టలు చిత్తుకాగితాల్లో పడేయబోతుంటే మాస్టారు మోసుకుని ఇంటికి తెచ్చుకున్నారు. అప్పట్నుంచి మూడు నెలలకోసారి ఊళ్ళో ఉన్న పాత శిష్యుల్లో ఒకరిద్దరి పని స్వయంగా చూసి, కార్డు నింపి ఇస్తారు. కింద గీత మీద తల్లిదో తండ్రిదో సంతకం పెట్టించి వారంలోగా తిరిగి అప్పగించాలి. మా క్లాసులో అందరిలోకీ చిన్నవాడికి నలభై రెండేళ్ళు.

మా క్లాసువాడు ఒకడు పళ్ళ డాక్టరు. మాస్టారు ఏ పంటినొప్పీ లేకుండానే వెళ్ళి, వాడి గది మూలన స్టూలు మీద రెండు గంటలు కూర్చుని చూశారు. కార్డులో ఇలా రాశారు: "పన్ను పీకడం బాగుంది. పీకే ముందు 'నొప్పే ఉండదు' అన్నాడు. ఆ పెద్దమనిషి అరుపు వీధి చివరిదాకా వినిపించింది. అబద్ధానికి కోత. యాభై ఎనిమిది."

బస్సు డ్రైవరైన శిష్యుడి బస్సెక్కి చివరి స్టాపుదాకా వెళ్ళి, అదే బస్సులో వెనక్కి వచ్చారు. "మలుపులు చక్కగా తిప్పుతాడు. హారన్ మాత్రం పక్కింటివాళ్ళ మీద కోపంతో కొట్టినట్టు కొడతాడు. డెబ్బై ఒకటి." డ్రైవరు ఆ కార్డు అద్దం పక్కన తగిలించుకున్నాడు. వాడికి బళ్ళో ఎప్పుడూ నలభై దాటలేదు మరి.

డాక్టరు మాత్రం కార్డు పట్టుకుని వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళక తప్పలేదు. ఊరికి ఆ చివర ఉంటుంది ఆవిడ. అంతకుముందు ఆరు నెలలుగా "తీరికైనప్పుడు వస్తాలే అమ్మా" అని ఫోనులోనే గడిపేస్తున్నాడు.

"యాభై ఎనిమిదా! ఏరా, సరిగ్గా చదవట్లేదా?" అందిట ఆవిడ, పక్కనే ఉన్న మనవడు పడీపడీ నవ్వుతుంటే.

"చదువు ఎప్పుడో అయిపోయిందమ్మా. పళ్ళు పీకుతున్నాను."

"అంత బాగా పీకేవాడికి యాభై ఎనిమిదేంటి? పద, నేనడుగుతాను!"

ఆవిడ చెప్పులేసుకుని బయల్దేరింది. మాస్టారితో గంటసేపు వాదించి, పన్నెండు మార్కులు కలిపించుకుని గానీ తిరిగి రాలేదు.

ఇదంతా వింటూ నేను బాగా నవ్వుకునేవాణ్ణి. ఎందుకంటే అప్పటిదాకా నా వంతు రాలేదు.

నాది రెడీమేడ్ బట్టల షాపు. సరిగ్గా ఎదురుగా ఉన్నది మా నాన్న టైలరు షాపు. ఊళ్ళో ఇంకెక్కడా చోటు దొరకనట్టు అక్కడే పెట్టానని నాన్నకి మంట. అద్దె కుదిరింది అక్కడే అని నా వాదన. "నా నోటి దగ్గర కూడు లాక్కోవడానికి బయటివాళ్ళు ఎందుకు, నా కొడుకున్నాడు చాలు" అని ఆయన అన్నాడు. "ఈ రోజుల్లో కుట్టించుకునేదెవరు?" అని నేనన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. రెండేళ్ళు మాటల్లేవు. అమ్మ ఉంటే ఇద్దరికీ చెరో రెండు తగిలించి రెండు రోజుల్లో కలిపేసేది. నాన్న తలుపు తీసేటప్పుడు నేను అటు తిరిగేవాణ్ణి, నేను తీసేటప్పుడు ఆయన మిషను మీదికి వంగేవాడు. మధ్యలో వీధి పదిహేను అడుగులు కూడా ఉండదు.

ఒకరోజు మాస్టారు మా షాపుకొచ్చి, ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా కూర్చుని, కార్డు నా చేతిలో పెట్టారు.

"సైన్సు 41. ఉతికితే కుదించుకుపోతుందా అని అడిగితే 'మీ అదృష్టం' అన్నాడు. డ్రాయింగు 30. షాపు ముందరి అద్దాల్లో బొమ్మకి వేసిన చొక్కా భుజం జారిపోతోంది. వ్యాయామం 11. పొట్ట చూసి వేశాను. ప్రవర్తన 35."

కింద తండ్రి సంతకం కోసం గీత ఖాళీగా ఉంది. నేను మా ఆవిడ చేత సంతకం పెట్టించి పంపాను. కార్డు తిరిగొచ్చింది. "నిన్ను భరిస్తున్నది ఆ అమ్మాయే, ఒప్పుకుంటాను. కానీ ఇది చెల్లదు" అని రాసి ఉంది. మా నాన్న సంతకం నేనే గీసి పంపాను. మాస్టారు స్వయంగా వచ్చారు.

"ఎనిమిదో క్లాసులో కూడా ఇదే పని చేశావు. అప్పుడు ఇంతకంటే బాగా పెట్టావురా!"

"మాస్టారూ, ఈ ఒక్కటీ వదిలేయండి. ఇంకేదైనా చెప్పండి, చేస్తాను."

"సరే. స్టూలు తెప్పించు."

స్టూలు వేయించుకుని షాపు గుమ్మంలో కూర్చున్నారు. వచ్చినవాళ్ళందరికీ నా చరిత్ర మొదలుపెట్టారు. తొమ్మిదో క్లాసులో నేను ఆమ్లం ఒలికించుకుని పంట్లాం వెనకభాగం పోగొట్టుకున్న ఘట్టం దగ్గరికొచ్చేసరికి జనం కొనడం మానేసి వినడానికి నిలబడుతున్నారు. రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడో రోజు కార్డు పట్టుకుని వీధి దాటాను. ఆ పదిహేను అడుగులూ నడవడానికి నాకు చెమటలు పట్టాయి.

నాన్న మిషను ఆపలేదు. "ఏంటి?"

"సంతకం."

కళ్ళజోడు సర్దుకుని పైనుంచి కిందికి చదివాడు. సైన్సు దగ్గర పెదవి విరిచాడు. డ్రాయింగు దగ్గర "నిజమే, ఆ భుజం చూడలేక చస్తున్నాను" అన్నాడు. వ్యాయామం దగ్గర నా పొట్ట వైపు చూసి తలూపాడు. చివరి మార్కు చదివాక మిషను ఆగిపోయింది.

"ప్రవర్తనకి ముప్పై అయిదా? ఎవడు వేశాడు?"

"మాస్టారు."

నాన్న మెడలో టేపు కూడా తీయకుండా విసవిసా వీధి దాటాడు. వెనకే నేను.

"ఏం మాస్టారూ, మావాడేం చేశాడని ముప్పై అయిదు?"

"తండ్రితో మాట్లాడడు కదండీ టైలరుగారూ. కోశాను."

"అది మా ఇంటి గొడవ! మొన్న వానలో ఎవరో ముసలాయన తడుస్తుంటే లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు, చూశారా? పదిసార్లు విప్పి చూసి ఏమీ కొనకుండా పోయేవాళ్ళని కూడా ఒక్క మాట అనడు. ఎదురుగా కూర్చుని రెండేళ్ళుగా చూస్తున్నాను నేను!"

"మరి మాట్లాడకపోవడం?"

"ఆ తప్పులో సగం నాది."

"సగం ఒప్పుకున్నారు కాబట్టి అడుగుతున్నాను. ఎన్ని వేయమంటారు?"

నాన్న నావైపు చూశాడు. రెండేళ్ళలో మొదటిసారి సూటిగా చూశాడు.

"ఎనభై," అన్నాడు. "ఒక్కటి తగ్గినా ఒప్పుకోను."

మాస్టారు కొట్టేసి ఎనభై దిద్దారు. నాన్న గీత మీద గట్టిగా, కాగితం చిరిగేలా సంతకం పెట్టాడు. తర్వాత మమ్మల్నిద్దర్నీ పట్టించుకోకుండా అద్దాల్లో బొమ్మ దగ్గరికి వెళ్ళాడు.

మాస్టారు కార్డు సంచిలో పెట్టుకుని, మెట్టు దిగుతూ నన్ను దగ్గరికి పిలిచారు.

"ఒరేయ్, నా డైరీలో ప్రవర్తనకి నీకు వేసింది తొంభై. మీ నాన్న ఎనభై దగ్గరే ఆగిపోయాడు. పది మార్కులు నష్టపోయావు. ఏం చేస్తాం, సంతకం అయిపోయింది."

"మాస్టారూ, మరి పళ్ళ డాక్టరుకి కూడా ఇలాగే..."

"వాడి సంగతి నీకెందుకు? పక్కవాడి కార్డులోకి తొంగిచూడకు," అని గొడుగు విప్పుకుని వెళ్ళిపోయారు.

ఆ పది మార్కుల కోసం నాన్నని మళ్ళీ పంపిద్దామా అని వెనక్కి తిరిగాను. ఆయన అప్పటికే నా బొమ్మ చొక్కా భుజం విప్పేసి, పళ్ళ మధ్య గుండుసూదులు పెట్టుకుని, "కత్తెర" అని చెయ్యి చాపుతున్నాడు. వెళ్ళి అందించాను.