చిలకపచ్చ నీళ్లు

మూడు రోజుల ముసురు మొన్న తెల్లవారి వెలిసింది. వేరుశనగ చేలో కలుపు తీస్తున్నాం. కే.జీ.కండిగై నుంచి సైకిల్ మీద వచ్చిన మనిషి గట్టు మీదే నిలబడి మా మామ పోయినాడని చెప్పాడు. మా అమ్మకు తమ్ముడు. పట్టిన సాలు చివరిదాకా తీసి, చేతులు కడుక్కొని బయలుదేరాను.

మామ పని బావుల్లో నీళ్ల మట్టం కొలవడం. తిరుత్తణి చుట్టుపక్కల ఊళ్లలో నెలకొకసారి టేపుకు సుద్ద పూసి బావిలోకి వదిలేవాడు. సుద్ద ఎంతవరకు తడిసిందో చూసి రాసుకునేవాడు. టేపు వదిలే ముందు చెప్పులు విడిచి, ఎవరింటికో వచ్చినట్టు బావిలోకి ఒకసారి దగ్గేవాడు. పావురాలు లేచిపోవాలని చెప్పేవాడు. పావురాలు లేని బావుల్లోకీ దగ్గేవాడు. పెళ్లయి కూడా పనిలేక తిరుగుతున్న నన్ను వెంటబెట్టుకొని ఆ పని నేర్పాడు. "కొలిచింది రాయి, అబ్బోడా. అనుకున్నది రాయొద్దు," అనేవాడు.

ఎనభైల మొదట్లో వరసగా వానలు తప్పాయి. అప్పుడు ఐరోపా నుంచి ఒక ఇంజనీరు, మద్రాసు నుంచి ఒక ఇంజనీరు కలిసి వచ్చారు. భూమి కింద నీళ్లు ఏ దారిన పోతాయో తెలిస్తే, వాన నీళ్లు ఎక్కడ ఇంకించాలో తెలుస్తుంది, ముందు ముందు ఊళ్లు ఎండిపోకుండా ఉంటాయి అన్నారు. హాని లేని రంగుపొడి ఒక బావిలో పోసి, ఎక్కడ తేలుతుందో చూడాలి. ఎవరూ తోడని బావి కావాలి. మామ తన ఊరు కే.జీ.కండిగైలోని పాడుబావి చూపించాడు.

మనిషి పడి చచ్చిన బావి నీళ్లు మా వైపు ముట్టరు. గట్టున ముళ్లకంప వేసి వదిలేస్తారు. అప్పటికి ఇరవై ఏళ్ల ముందు అందులో పడింది మామ చెల్లెలు, మా చిన్నమ్మ. ఆమెతో ఆఖరున మాట్లాడింది మామ భార్య, మా అత్త. ఏం మాట్లాడిందో ఎవరూ అడగలేదు. ఆ బావి నీళ్లు ఆ బావిలోనే ఉంటాయని అందరం నమ్మేవాళ్లం. మామ కూడా.

ఊరంతా కూలికి పోయిన మధ్యాహ్నం కంప తీశాం. పొడి ఇటుక రంగులో ఉంది. నీళ్లలో పడగానే చిలకపచ్చగా వెలిగింది. మామ ఆ రోజు దగ్గలేదు. "నేనేమ్మా," అన్నాడు మెల్లగా. మాట అర్థం కాకపోయినా ఐరోపా ఇంజనీరు టోపీ తీసి పక్కకు నిలబడ్డాడు.

పన్నెండో రోజు పొద్దున, ఊరంతా తాగే ఒక్కగానొక్క పడమటి బావిలో తొలి చేద వేసిన ముసలమ్మ అరిచింది. చేద నిండా చిలకపచ్చ నీళ్లు. తొంగి చూస్తే అడుగున ఎవరో దీపం పట్టుకొని నిలబడ్డట్టుంది.

మద్రాసు ఇంజనీరు మామను పక్కకు పిలిచి, ఏదో చేని బావిలో పోశామని చెప్పమన్నాడు. నిజం చెబితే ఊరు ఈ నీళ్లు మానేస్తుంది. ఎండలు ఇంకా రెండు నెలలున్నాయి, వేరే నీళ్లు లేవు. మామ టేపు చుట్టుకొని బావి దగ్గర చేరిన జనంలోకి వచ్చాడు.

"యాడ పోసినారన్నా?" అని అడిగాడు పక్కింటాయన.

"పాడుబావిలో."

"అయితే ఇన్ని దినాలూ మేము తాగింది?"

"ఆ నీళ్లే. ఇరవై ఏండ్లుగా తాగినాము. ఈ పొద్దు కనబడింది, అంతే."

"నీ చెల్లెలు కదా, నీకు తియ్యగుంటాయి. తాగు మరి!" అని ఒకామె ఎత్తిపొడిచింది.

మామ చేద ఎత్తి తాగాడు. గడ్డం మీంచి పచ్చగా కారింది. ముసలమ్మ కొంగుతో వడగట్టుకొని తనూ తాగింది. అత్త మాత్రం కడవ బోర్లించింది.

"ఆ నీళ్లతో నేను ఎసరు పెట్టను. అది నన్ను వెతుక్కోని వచ్చింది."

"అది రాలేదు. నీళ్లొచ్చినాయి," అన్నాడు మామ.

"రెండూ ఒగటే," అంది అత్త.

సాయంత్రానికి ఊళ్లో చాలామంది తోడుకున్నారు. మరుసటి ఏడు వాన నీళ్లు ఇంకేలా పాడుబావి ఎగువన కట్ట వేశారు. పడమటి బావి ఆపైన ఎన్నడూ ఎండలేదు. మామ ఆ సంగతి ఎక్కడా చెప్పుకోలేదు. తన వంట తనే చేసుకున్నాడు, నెల తప్పకుండా రెండు బావులూ కొలిచాడు.

పచ్చ నీళ్లు కనబడిన మూడో రోజు ఇంజనీర్లు జీపులో మద్రాసుకు పోయారు. ఆ మరుసటి పొద్దున తొలి బస్సుకు అత్త అత్తిమంజేరిపేటలోని పుట్టింటికి పోయింది.