సున్నం గోడల స్టేషను

ఇంట్లో పెట్టిన పేరు వేరే ఉంది కానీ, స్టేషన్లో అందరికీ ఆమె సున్నమ్మే. మోచేతుల దాకా ఎప్పుడూ తెల్లటి మరకలుండేవి మరి. మా రైల్వే స్టేషను కట్టి నూటపాతికేళ్లు దాటింది. అంతా ఇటుకా సున్నమే. ఏటా వానలకు ముందు ఆ గోడలు బాగుచేసే పని మొదట ఆమె మామగారిది. కొడుక్కి తాపీ పట్టే ఓపిక లేకపోయింది. ఆ విద్య కోడలికి అబ్బింది. ముప్ఫై ఏళ్లు ఆమే చేసింది. నేను అక్కడ టికెట్లిచ్చేవాణ్ణి కాబట్టి కళ్లారా చూసిందే చెబుతున్నాను.

ఒక వేసవిలో పైనుంచి ఉత్తర్వు వచ్చింది: ఇది చారిత్రక కట్టడం, కాపాడాలి అని. సున్నమ్మ ముఖం చాటంత అయింది. నెల తిరక్కుండానే కాంట్రాక్టరు లారీ వచ్చింది. నిండా సిమెంటు బస్తాలు!

ఆమె చేతులు కడుక్కోకుండానే ఇంజనీరు దగ్గరికి పరుగెత్తింది.

"అయ్యా, సున్నం గోడకి సిమెంటు పూయకూడదండి. నేల్లోంచి ఎక్కే చెమ్మ సున్నంలోంచి ఆరిపోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది."

"నువ్వేం చదువుకున్నావమ్మా?"

"చదువుకోలేదండి. ఏ గోడ ఏ నెల్లో చెమరుస్తుందో తెలుసు."

ఇంజనీరు నవ్వాడు. కాంట్రాక్టరు ఇంకా గట్టిగా నవ్వాడు. నేను టికెట్ల కిటికీ వెనక నోరు మూసుకుని కూర్చున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సిమెంటు పూశారు, గులాబీ రంగు కొట్టారు, ఫొటోలు దిగారు. రెండు వానాకాలాలు గడిచేసరికి గోడలు పొట్టలు ఉబ్బాయి. ఒకనాడు ఆడవాళ్ల వెయిటింగ్ రూములో బండంత పెచ్చు ఊడి, బల్ల మీద కూర్చున్న టీచరమ్మ మీద పడింది. ఆమె భుజం ఎముక విరిగింది.

అప్పుడైనా సిమెంటు పూసినవాణ్ణి అడిగారా? అబ్బే! తప్పు గోడదేనట. కట్టడం శిథిలమైంది, కూల్చెయ్యమన్నారు. కూల్చే పనీ ఆ కాంట్రాక్టరుకే ఇచ్చారు! మొదటిరోజే ముందున్న కమానుల వసారాను మిషను పెట్టి నేలమట్టం చేశాడు.

మర్నాడు పెద్దాఫీసరు పని చూడ్డానికి వస్తాడని తెలిసి, సున్నమ్మ సుత్తీ ఉలీ పట్టుకుని వచ్చింది. వెయిటింగ్ రూము గోడకున్న సిమెంటు చెక్కడం మొదలుపెట్టింది.

"అత్తా, పోలీసులొస్తారు!" అంది వెంట వచ్చిన ఆమె కోడలు.

"రానీవే. నలుగురూ చూస్తారు."

వచ్చారు. ఆఫీసరు దిగేసరికి కానిస్టేబులు ఆమె రెక్క పట్టుకుని లాగుతున్నాడు.

"కూల్చేవాడికి కాగితం ఇచ్చారు. చూపించేదానికీ కాగితం కావాలా?" అని అరిచింది సున్నమ్మ. "సిమెంటు కింద ఎంత చెమ్మో చెయ్యి పెట్టి చూడండయ్యా!"

ఈసారి నేను కూర్చోలేకపోయాను. బయటికొచ్చి, ఆమె రెండేళ్ల కిందట చెప్పిందీ, వీళ్లు నవ్విందీ ఆఫీసరుకు పూసగుచ్చినట్టు చెప్పాను. కాంట్రాక్టరు నన్ను కొరికేసేలా చూశాడు. ఆఫీసరు ఉలి తీసుకుని ఇటుకను గీరాడు. పైన రెండంగుళాలు గుల్లబారింది. లోపల మాత్రం గోడ గట్టిగానే ఉంది, సుత్తితో కొడితే ఖంగుమంది.

కూల్చడం ఆగింది. సిమెంటు తీయించి మళ్లీ సున్నం పూయించాలన్నారు. ఆ పనికి సున్నమ్మను ఎవరి కింద కూలికి పిలిచారనుకున్నారు? ఆ కాంట్రాక్టరు కిందే! "వాడి కింద నా చెయ్యి కూడా ఆడదు" అని ఇంటికెళ్లిపోయింది. రెండు నెలలు బతిమాలి, చివరికి పని ఆమెకే అప్పగించారు. అత్తా కోడళ్లు ఏడాది కష్టపడ్డారు. గోడలు నిలిచాయి. వసారా మాత్రం తిరిగి రాలేదు. ఆ చోట రేకులేశారు. కాంట్రాక్టరు ఇప్పుడు ఇంకో ఊళ్లో ఇంకో పాత స్టేషన్ని కాపాడుతున్నాడు.

చారిత్రక కట్టడానికి నష్టం చేసిందని ఆరోజు సున్నమ్మ మీద పెట్టిన కేసు ఎవరూ ఎత్తేయలేదు. వాయిదాకి సాక్షిగా నేనూ వెళ్తుంటాను.

"గోడ పగలగొట్టావా?" అని అడిగారు మొన్న జడ్జిగారు.

"ఒకటి కాదండీ, ఎనిమిది గోడలు చెక్కాను. మొదటిదానికి కేసు పెట్టారు, మిగతా ఏడింటికీ కూలిచ్చారు. ఎందుకో తమరే అడిగి చెప్పండి."

జడ్జిగారు సర్కారు ప్లీడరు వైపు చూశారు. ప్లీడరు ఇంకో వాయిదా అడిగాడు.