మర్జాను తాత సమాధి

గుడియాత్తంలో ఇళ్లు కట్టేచోట ఇసుక, సిమెంటు మోసే చెంగమ్మది ఉంగరాల జుట్టు. పనిలో అందరూ "కాప్పిరి" అని, అంటే ఆఫ్రికా మనిషని, ఎగతాళి చేసేవాళ్లు. "అవునప్పా, మా తాత కాప్పిరే. ఆయన తవ్విన బాయి నీళ్లే మీ నాయన తాగినాడు" అనేది ఆమె, నెత్తిన తట్ట దించకుండానే.

తాత అంటే ఎన్నో తరాల వెనకటి పెద్దాయన, పేరు మర్జాను. ఏ కాలంలోనో ఆఫ్రికా తీరాన పసివాడిగా ఉండగా పట్టుకుని, ఓడలో తెచ్చి, వేలూరు కోటలో ఒక సర్దారుకు అమ్మేశారు. మర్జాను అంటే పగడం. మనిషిని కొన్నవాడికి ముద్దుపేర్లకేం కొదవ! తల్లి పెట్టిన పేరు మాత్రం ఎవరికీ దక్కలేదు. సర్దారు యుద్ధంలో చచ్చాక అతను గుడియాత్తం చేరి, రాళ్లు కొట్టి, బావులు తవ్వి, ఒక తెలుగింటి పిల్లను పెళ్లాడాడు. తాను తవ్విన బావి పక్కనే అతన్ని పూడ్చారు. చెంగమ్మ ఏటా ఆ సమాధి రాతికి పసుపు రాసి దీపం పెట్టేది.

ఆమె తమ్ముడు గోవిందరాజుకు ఆ తాతంటే సిగ్గు. తొంభైల్లో తోలు ఫ్యాక్టరీలు పెరిగి, నేల ధరలు ఎగిసేసరికి మేస్త్రి పని వదిలి ప్లాట్ల వ్యాపారి అయ్యాడు. చేతికి బంగారు వాచీ, నోటికి ‘డెవలప్‌మెంటు’ అనే కొత్త మాట వచ్చాయి. అక్క పనికని మేల్పాడి వెళ్లినప్పుడు బావి పూడ్పించి, దాని చుట్టూ ఉన్న తమ చేను చదును చేయించి, సమాధి మీద ఆఫీసు కట్టాడు. ఆమె తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది.

మరుసటి ఏడు వేలూరు నుంచి ఒక చరిత్ర సంఘం వాళ్లు వచ్చారు. బానిసలుగా వచ్చిన ఆఫ్రికావాళ్లను స్మరించుకునే సభ పెడతారట. పేపర్లో ఫోటో పడుతుందని వినగానే గోవిందరాజుకు రక్తసంబంధం పొంగుకొచ్చింది. రోడ్డు పక్కన సిమెంటు దిమ్మె కట్టించి, పాలరాతి మీద తన పేరు పెద్దగా, తాత పేరు చిన్నగా చెక్కించాడు. చిన్నగా చెక్కినదాంట్లోనూ ఒక అక్షరం తప్పు.

సభ రోజున అక్కకు పట్టుచీర పంపాడు. ఆమె పని చీరలోనే వచ్చింది.

"మా ముప్పాటను, తాతలకు తాత, ఈడనే నిద్రపోతా ఉండాడు" అని గోవిందరాజు మైకులో గొంతు వణికించాడు.

చెంగమ్మ లేచింది. "ఈడ యాడుండాడురా? నీ ఆఫీసు కక్కసు కింద ఉండాడు. పేపరోళ్లను పిలుచుకొనిపోయి చూపించు."

"అక్కా, సుమ్మా ఉండు! మానం పోతాది."

"బతికినప్పుడు ఆయన్ని ఎవురో అమ్మినారు. చచ్చినాక నువ్వు అమ్మితివి. ఇంక నీకు మానం యాడిదిరా?"

సంఘం పెద్దలు దండలు చేత్తో పట్టుకుని నేలచూపులు చూశారు. ఆమె గడ్డపార అందుకుంది. తోటి కూలీలూ ఆమె వెంట ఆఫీసువైపు కదిలారు. పేపరువాళ్ల ఎదుట ఆపలేక గోవిందరాజు చెమటలు తుడుచుకుంటూ నిలబడ్డాడు. కక్కసు గచ్చు పగలగొడితే సమాధి రాయి రెండు ముక్కలై బయటపడింది.

చెంగమ్మ వాటిని సిమెంటుతో అతికించి అక్కడే నిలబెట్టింది. బావిని మాత్రం తిరిగి తవ్వించలేకపోయింది. సంఘంవాళ్లు ఆ రాతి మీద ‘బానిస మర్జాను’ అని రాయిస్తామన్నారు.

"బానిస అనేది ఆయన పనాప్పా? అది కొన్నోడి పాపం. బాయిలు తవ్వినోడని రాయండి" అంది. అలాగే రాశారు.

గోవిందరాజు ఆఫీసు వేరేచోటికి మార్చుకున్నాడు. అక్కతో మాటలు మానేశాడు. అదొక నష్టమని చెంగమ్మకు ఏనాడూ తోచలేదు.