అడుగంటిన కుండ

అనసూయమ్మ చేతిలో పడితే ఎంత జిడ్డు గిన్నె అయినా తళతళలాడాల్సిందే. మౌలాలి నుంచి బస్సెక్కి బొల్లారం వస్తుంది. అక్కడ మా తవ్వకాల బృందం అద్దెకు తీసుకున్న ఇంట్లో కుండపెంకులు కడగడం ఆమె పని, వాటి బొమ్మలు గీయడం నాది. అన్నీ సముద్రపు ఒడ్డున తవ్వితే దొరికినవే, వేల ఏళ్ల నాటివి.

మన ఇళ్లలో ఇత్తడి పోయి స్టీలు వచ్చినట్టే, ఆ ఒడ్డు జనం కూడా ఒక కాలంలో మందపాటి కుండలు మాని పల్చటివి చేసుకున్నారు. తవ్విన నేలలో పాతదైన కింది పొరలో మందం, తర్వాతిదైన పై పొరలో పల్చన. ఎందుకు మారారు? తిండి మారిందా? మా బృందం పెద్ద బ్యూలా మేడం ఏళ్లుగా ఈ ప్రశ్న పట్టుకునే ఉన్నారు. జవాబు చెప్పాల్సింది కుండ లోపల అంటుకున్న మాడే. కింది పొర మాడులో చేప ఉందని పరీక్షలో తేలింది. ఇక పై పొర పెంకులు పంపాలి.

"మట్టి పోతే చాలమ్మా" అని మేడం ఆ పెంకుల సంచులు అనసూయమ్మకు ఇచ్చారు. మాడిన కుండ కంటబడితే ఊరుకునే మనిషా ఆమె! చింతపండు పెట్టి, పీచుతో పరపరా తోమేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. మేడం కుర్చీలో కూలబడ్డారు.

"ఆ నలుపే కావాలి అనసూయమ్మా. ఒక్కదానికైనా మిగిలిందా?"

అనసూయమ్మ ముఖం చిన్నబోయింది. మెల్లగా వెళ్లి బకెట్ వెనక నుంచి ఒక పెంకు తెచ్చింది.

"గిదొక్కటి ఎంత రుద్దినా పోలే మేడం. మీరు చూస్తే నా ఇజ్జత్ పోతదని దాచిన."

మాడు పైభాగం గీకేసి, చింతపండు తగలని లోపలి మాడును పరీక్షకు పంపారు. చేప ఉంది. దాంతోపాటు చిరుధాన్యం ఉంది! సముద్రాన్ని వదలకుండానే వాళ్ల కుండలోకి గింజ వచ్చింది. ఒక్క పెంకుతో అంతా తేలిపోదని అంటూనే మేడం ఆ ఫలితాల కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి చదివారు. ఎవరో పొయ్యి మీద కుండ మరిచిపోతే, ఆ మరుపు ఇన్ని వేల ఏళ్లు చెదరకుండా ఉండి మా బల్ల మీదికి వచ్చింది.

సంగతి విని అనసూయమ్మ ఆ పెంకును రెండు చేతుల్లోకి తీసుకుంది.

"అందరికి పెట్టినంక అడుగుకు మిగిలిందే గద వండినామెకు. గదేమో మాడిపాయె. మరి ఆ పూట ఆమె ఏం తిన్నది మేడం?"