కళ్లంలో నీలం జెండా

నా చిన్నప్పుడు, మిరపకాయలు ఎత్తి గుంటూరు యార్డుకు తోలేశాక, ఖాళీ అయిన మా కళ్లం పిల్లల సొంతమయ్యేది. నేను ఏడో తరగతి పూర్తిచేసిన వేసవిలో మా చిన్నమావయ్య మద్రాసు నుంచి వచ్చాడు. అక్కడ ఆయన మెకానిక్కు. మోటారు పందేలు జరిగే రోజుల్లో దారి పక్కన నిలబడి జెండాలు ఊపేవాడు.

అప్పటికి నా చదువు సంగతి ఇంకా తేలలేదు. హైస్కూలు ప్రత్తిపాడులో ఉంది. బస్సును నమ్ముకోలేం. సైకిలు మీద పంపడానికి నాన్నకు ధైర్యం చాలలేదు. "దారిలో బెదిరి దిగిపోయి ఏడిస్తే ఎవరొస్తారు?" అనేవాడు. మావయ్య పిల్లలకు కళ్లంలో సైకిలు పందెం పెట్టి, "బావగారూ, మీ అమ్మాయి కాలు కింద పెట్టకుండా మూడు చుట్లూ తిరిగితే బడికి పంపుతారా?" అని అడిగాడు. నాన్న చాలాసేపు ఆలోచించి సరేనన్నాడు.

జెండాలన్నీ ఇంట్లోవే. దారిలో ముందు ప్రమాదముంది, నెమ్మదించండని చెప్పే పసుపు జెండా పసుపునీళ్లలో ముంచిన పంచె ముక్క. అందరినీ ఆగిపొమ్మనే ఎర్రజెండా ఒక తువ్వాలు. పందెం ముగిసిందని చెప్పే గళ్ల జెండాకు మావయ్య తాతయ్య గళ్ల లుంగీ తీసుకున్నాడు. "ఒరేయ్, అది చిరిగిందంటే నీ ప్యాంటు నేనేసుకుంటా" అని తాతయ్య బెదిరించాడు. అత్తయ్య నీలం జాకెట్టు గుడ్డ దేనికో మావయ్య చెప్పేలోపే మేము బయలుదేరాం.

నాన్న సైకిలు సీటు నాకు అందదు. కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కుతున్నాను. నేలలో మిగిలిన మిరప ఘాటు దుమ్ముతో లేచి కళ్లు మండుతున్నాయి. రెండో చుట్టులోనే, అప్పటికే నాకంటే ఒక చుట్టు ముందున్న మా పెదనాన్న కొడుకులు మళ్లీ వెనక నుంచి, "తప్పుకోవే నత్తా!" అని అరుస్తూ వచ్చారు. సరిగ్గా అప్పుడే మావయ్య నా ఒక్కదానికే నీలం గుడ్డ ఊపాడు. నా పని అయిపోయింది, దిగిపొమ్మంటున్నాడనుకున్నాను. నా బడి కూడా అక్కడితో అయిపోయిందనిపించింది. కాలు నేలకు దించబోయాను.

"దిగొద్దమ్మా! వెనకాల వాళ్లు జోరుగా వస్తున్నారు, దారియ్యమని, అంతే! పక్కకు జరిగి నీ తొక్కుడు నువ్వు తొక్కు!" అని మావయ్య అరిచాడు.

జరిగాను. వాళ్లు దూసుకుపోయారు, పందెం ముగించి మంచినీళ్ల కుండ దగ్గరకు కూడా చేరారు. "ఇంక దిగవే, ఎవరూ చూడట్లేదు" అని ఒకడు నవ్వాడు. మావయ్య మాత్రం కదలలేదు. వంకర్లు పోతూ నేను ఒంటరిగా గీత దాటినప్పుడు, మొదటివాడికి ఊపినంత ఎత్తునే నాకూ ఆ లుంగీ ఊపాడు. నాన్న వచ్చి హ్యాండిలు పట్టుకుని నన్ను దించాడు. చక్రం నొక్కి చూసి, "బావా, బళ్లు తెరిచేలోపు ఈ టైర్లు మార్పించాలి" అన్నాడు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. నా తోటివారు ఎందరో నన్ను దాటి వెళ్లారు. వారికి మనస్ఫూర్తిగా దారి ఇచ్చానే గాని, నా దారి వదల్లేదు. పంతులమ్మనయ్యాక, లెక్క తేలక తరగతిలో చివరికి మిగిలిపోయే పిల్ల కోసం, మిగతావారంతా ఇళ్లకు వెళ్లినా, ఆ పిల్ల పలక పైకెత్తేదాకా నిలబడే ఉన్నాను.